ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం తెలుగువాళ్లకు: కూలీ, జీతం, పీఎఫ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో సాయంత్రం పూట దరఖాస్తులు రాసిపెడుతుంటాను. వచ్చేవాళ్లు మారతారు కానీ ప్రశ్నలు మారవు. కాశీనగర్ నుంచి వచ్చినాయన అడిగినదే వారం తిరక్కుండా గుణుపురం ఆవిడ అడుగుతుంది. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ముందుగా ఒక్క మాట. 2025 నవంబరు 21 నుంచి దేశమంతా నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి: వేతనాలు, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, పనిచోట భద్రత-ఆరోగ్యం. పాత చట్టాలు 29 వీటిలో కలిసిపోయాయి. కింద రాసినవి ఈ కోడ్‌ల ప్రకారమే. వీటిలో కలవని చట్టాలు కూడా కొన్ని ఉన్నాయి, వాటి సంగతి వచ్చినచోట చెప్పాను.

## పనిలో చేరే ముందు

మాది గజపతి జిల్లా, పని చేసేది ఆంధ్రాలో. నాకు ఏ రాష్ట్రం కూలి రేటు వర్తిస్తుంది?

పని ఎక్కడ చేస్తే అక్కడి రేటు. రేషన్ కార్డు ఒడిశాదా, ఓటు ఎక్కడుంది అన్నవి లెక్కలోకి రావు. పలాస జీడి ఫ్యాక్టరీలో చేస్తుంటే ఆంధ్రా ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం, పాతపట్నం మనిషి పర్లాకిమిడి కొట్లో చేస్తుంటే ఒడిశా కనీస వేతనం. రైల్వే, గనుల పనులకు మాత్రం కేంద్రం రేటు, కాంట్రాక్టరు కింద చేసినా అంతే. ఒడిశాలో 2024లో నైపుణ్యం అక్కర్లేని పనికి రోజుకు 450 రూపాయలు చేశారు. దాని మీద ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ, కరువు భత్యం కలుస్తుంది. ఇప్పటి రేటు కాగితం జిల్లా లేబర్ ఆఫీసులో అడిగి తీసుకోండి. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దు గీత మన చుట్టరికాలను విడదీయలేదు కానీ, కూలి రేటును మాత్రం విడదీస్తుంది.

నాకు ఏ కాగితమూ ఇవ్వలేదు, నోటిమాట మీద చేరాను. రేపు గొడవైతే నా మాట చెల్లుతుందా?

చెల్లుతుంది. నియామక పత్రం ఇవ్వాల్సిన బాధ్యత ఇప్పుడు యజమానిదే. ఇవ్వకపోతే అది ఆయన తప్పు, దానివల్ల మీ హక్కు పోదు. జీతం బకాయి మీద ఫిర్యాదు చేస్తే, డబ్బు చెల్లించానని రుజువు చేసుకోవాల్సింది కూడా యజమానే.

అయినా మీ చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి. ఒకావిడ తన కేసుకు గోడ క్యాలెండర్ చుట్టి పట్టుకొచ్చింది. పనికి వెళ్లిన ప్రతి రోజు మీదా కాటుకతో చుక్క. వెళ్లని రోజు ఖాళీ. రాత్రి డ్యూటీ అయితే రెండు చుక్కలు. పద్నాలుగు నెలల కాగితాలు. ఆవిడకు చదువు రాదు. అధికారి వేలు పెట్టి ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టి, మీ హాజరు పుస్తకం చూపించండని యజమానిని అడిగారు. ఆయన దగ్గర పుస్తకమే లేదు. ఆవిడ చెప్పిన లెక్కే నిలిచింది. మీరూ అలాంటిది ఏదో ఒకటి మొదలుపెట్టండి, ఈ రోజే.

మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఇటుక బట్టీకి తీసుకెళ్తానంటున్నాడు. వెళ్లొచ్చా?

వెళ్లొద్దని చెప్పే హక్కు నాకు లేదు. వర్షాలు ఆగాక ఇంట్లో పొయ్యి వెలగాలంటే చాలామందికి అదొక్కటే దారి. కానీ బండెక్కే ముందు కొన్ని తేల్చుకోండి. వెయ్యి ఇటుకలకు రేటెంత, ఆ రేటు ఒక మనిషికా, జంటకా, అడ్వాన్సులోంచి వారానికి ఎంత కోస్తారు, రానుపోను ఖర్చు ఎవరిది, బట్టీ ఏ ఊళ్లో, ఓనరు పేరేంటి. మేస్త్రీ ఆధార్ ఫొటో, బండి నంబరు ఇంట్లోవాళ్లకు పంపండి. పంచాయతీలో పేరు రాయించి వెళ్లండి.

ఇలా అడ్వాన్సు ఇచ్చి కూలీలను బయటికి తీసుకెళ్లడాన్ని ఒడిశాలో దాదన్ అంటారు. ఈ దాదన్ వ్యవహారం మీద ఒడిశా 1975లోనే ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చింది, మన బాధ అంత పాతది. కొత్త కోడ్ ప్రకారం, నెల జీతం 18,000 వరకు ఉండి వేరే రాష్ట్రంలో పనిచేసేవారు అంతర్రాష్ట్ర వలస కార్మికులు. మేస్త్రీ తీసుకెళ్లకుండా మీ అంతట మీరే వెళ్లినా ఆ లెక్కలోకే వస్తారు. అలాంటివాళ్లు పదిమంది, అంతకు మించి ఉన్నచోట సొంతూరికి రానుపోను ప్రయాణ భత్యం యజమాని ఇవ్వాలి. రేషన్ ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడే తీసుకోవచ్చు.

ఒడియాలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేయమంటున్నారు. నాకు తెలుగు తప్ప రాదు. ఏం చేయాలి?

చదివించుకున్నాకే వేయండి. మీ పిల్లల్లో ఒడియా బడికి వెళ్లేవాళ్లు తప్పకుండా ఉంటారు, ఫోన్‌లో ఫొటో తీసి వాళ్లకు పంపినా చాలు. అప్పటికప్పుడు సంతకం పెట్టక తప్పని పరిస్థితి వస్తే, సంతకం కింద తెలుగులోనే 'ఇందులో ఏముందో నాకు చదివి వినిపించలేదు' అని రాయండి. తెల్లకాగితం మీద మాత్రం ఎవరు బతిమాలినా, ఎవరు బెదిరించినా వేలిముద్ర వేయకండి. నా దగ్గరికొచ్చిన కేసుల్లో కోలుకోలేని దెబ్బ తిన్నవాళ్లంతా ఖాళీ కాగితం ఇచ్చినవాళ్లే.

మా అబ్బాయికి పదమూడేళ్లు. సెలవుల్లో హోటల్లో పెట్టొచ్చా?

కుదరదు. 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. 14 నుంచి 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ఈ చట్టం 1986 నాటిది, ఇప్పటికీ విడిగానే ఉంది. ఎక్కడైనా పిల్లలు చిక్కుకుపోయి ఉంటే 1098కి ఫోన్ చేయండి.

నాది చిన్న టిఫిన్ హోటల్, ఆరుగురు పనివాళ్లు. ఇవన్నీ నాకూ వర్తిస్తాయా?

కొన్ని వర్తిస్తాయి. కనీస వేతనం, సమయానికి జీతం, జీతం చీటీ, ఆడా మగా తేడా లేని కూలి ఒక్క మనిషిని పెట్టుకున్నా తప్పవు. ఈఎస్‌ఐ (జబ్బుకూ దెబ్బకూ వైద్యమిచ్చే కార్మిక బీమా), గ్రాట్యుటీ (పని మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) మామూలుగా పదిమంది దగ్గర మొదలవుతాయి. పీఎఫ్ (జీతంలోంచి నెలనెలా జమయ్యే భవిష్య నిధి), బోనస్ ఇరవైమంది దగ్గర. హాజరు పుస్తకం, జీతాల పుస్తకం రాసిపెట్టుకోండి. పనివాడితో తగాదా వస్తే నిజాయితీగా జీతమిచ్చే యజమానిని కాపాడేది ఆ పుస్తకాలే.

## పని చేస్తున్న రోజుల్లో

జీతం పదిహేనో తారీకు దాటినా ఇవ్వడం లేదు. గడువంటూ ఉందా?

ఉంది. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు. వారం కూలి ఆ వారం చివరి పనిదినాన. రోజు కూలి ఆ రోజు పని దిగేటప్పుడు. 'బిల్లు పాస్ కాలేదు' అన్నది కాంట్రాక్టరుకూ కంపెనీకీ మధ్య సంగతి, మీ బట్వాడాకు దానితో సంబంధం లేదు.

పన్నెండు గంటల డ్యూటీ చేయిస్తారు, ఒకటే హాజరు వేస్తారు. ఇది పద్ధతేనా?

కాదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఆపైన చేయించాలంటే మీరు ఒప్పుకోవాలి, ఆ గంటలకు రెట్టింపు ఇవ్వాలి. లెక్క చూడండి. రోజు కూలి 480 అయితే గంటకు 60. ఓవర్‌టైమ్ గంటకు 120. నాలుగు గంటలు ఎక్కువ చేస్తే 480. అంటే పన్నెండు గంటలకు మీకు రావాల్సింది 960 రూపాయలు. సెక్యూరిటీ గార్డులను ఈ విషయంలోనే ఎక్కువగా ముంచుతారు, వాళ్లలో చాలామందికి అదే మామూలు డ్యూటీ అనిపించేంతగా అలవాటైపోయింది.

మగవాళ్లకు ఒక రేటు, మాకు వంద తక్కువ. అడగొచ్చా?

అడగాలి. ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి ఆడవాళ్లకు తక్కువ ఇవ్వడం చట్టవిరుద్ధం. పొలం పనికి కూడా కనీస వేతనం ఉంది. 'ఊళ్లో అదే ఆనవాయితీ' అన్న జవాబు అధికారి ముందు చెల్లదు.

జీడిపిక్క వలిచినందుకు కేజీకి ఇంత అని ఇస్తారు. మాకు కనీస వేతనం ఉంటుందా?

ఉంటుంది. కేజీ లెక్క అయినా, వెయ్యి ఇటుకల లెక్క అయినా, రోజంతా పనిచేసిన మనిషికి కనీస వేతనం కంటే తగ్గకూడదు. ఎన్ని కేజీలు తూచారో, ఎన్ని గంటలు కూర్చున్నారో రెండూ రాసుకోండి. గంటలు రాయకపోతే 'సగం రోజే వచ్చింది' అనేస్తారు.

జీతం 16,000 అంటారు, చీటీలో బేసిక్ 5,000 చూపిస్తారు. మిగతాదంతా అలవెన్సులు. నష్టమేనా?

నష్టమే. పీఎఫ్, గ్రాట్యుటీ, బోనస్ లెక్కలకు పట్టేది 'వేతనం' అని రాసినదే కాబట్టి అది ఎంత తక్కువ చూపిస్తే మీకు అంత తక్కువ. కొత్త కోడ్ దీనికి అడ్డుకట్ట వేసింది. అద్దె, రవాణా లాంటి అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినదాన్ని కూడా వేతనంలోనే కలిపి లెక్క కట్టాలి. అంటే 16,000లో కనీసం 8,000 వేతనమే.

ఒక్కరోజు మానేస్తే మూడు రోజుల కూలి కోస్తున్నారు. పగిలిన సామాను డబ్బులూ మా మీదే వేస్తున్నారు.

రాని రోజుకు ఆ రోజు కూలే కోయాలి. ఫైను వేస్తే ఆ నెల వేతనంలో 3 శాతం మించకూడదు, వేసేముందు మీ మాట వినాలి. సామాను పాడైతే మీ నిర్లక్ష్యం వల్లే అని తేలాలి. అన్ని కోతలూ కలిపినా సగం జీతం దాటకూడదు.

పీఎఫ్ కోస్తున్నారు, పాస్‌బుక్‌లో కనపడటం లేదు. డబ్బు పోయినట్టేనా?

రెండు కారణాలుంటాయి. మొదటిది, యజమాని కట్టలేదు. మీ జీతంలోంచి 12 శాతం కోసి జమ చేయకపోవడం నేరం. జీతం చీటీ జతచేసి పీఎఫ్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి.

రెండోది మన సరిహద్దు రోగం: పేరు. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడిశా ఆఫీసుల్లో ఇంటిపేరు చివర వేస్తారు. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా, కంపెనీ రికార్డులో మరోలా. ఒకాయన పేరులో 'అప్పల నాయుడు' రెండు మాటలుగా ఒకచోట, ఒకే మాటగా ఇంకోచోట ఉంది. ఆ ఖాళీ ఒక్కటి నిండడానికి ఆయన ఎనిమిది నెలలు తిరిగాడు. నా సొంత పీఎఫ్ కూడా ఇలాగే ఇరుక్కుంది. మొదట్లో పనిచేసిన ఒక మిల్లువాళ్లు మా నాన్న పేరును నా ఇంటిపేరుగా ఎక్కించేశారు. సరిచేయించే లోపల ఆ మిల్లే మూతపడింది. కాబట్టి చేరిన మొదటి నెలలోనే మీ యూఏఎన్ నంబరు (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) తీసుకుని, ఆధార్‌లో ఉన్న పేరూ పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. ఉద్యోగం మారినప్పుడు కొత్త నంబరు తీసుకోకండి, పాత నంబరే చెప్పండి. సర్వీసు మొత్తం పదేళ్లు నిండితే 58 ఏళ్లకు పింఛను వస్తుంది. రెండు నంబర్లుంటే ఆ పదేళ్లు విడివిడిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

కాంట్రాక్టరు మూడు నెలల జీతం ఎగ్గొట్టి ఫోన్ తీయడం లేదు. కంపెనీవాళ్లు మాకు సంబంధం లేదంటున్నారు.

సంబంధం ఉంది. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న కంపెనీయే ఆ జీతం ఇవ్వాలి, తర్వాత వాళ్లిద్దరూ చూసుకుంటారు. కాబట్టి ఫిర్యాదులో కాంట్రాక్టరుతో పాటు కంపెనీ పేరు కూడా రాయండి. గేటు పాసు, సైటులో దిగిన ఫొటో, కంపెనీ పేరున్న హెల్మెట్, ఏదైనా సరే అక్కడ పనిచేశారనడానికి ఆధారమే.

నేను కాంట్రాక్టు మనిషిని. ప్రసూతి సెలవు వస్తుందా?

వస్తుంది. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాలు జీతంతో సెలవు. ఇద్దరు పిల్లలు ఉండి మళ్లీ కాన్పు అయితే 12 వారాలు. ఆ సెలవులో ఉండగా పనిలోంచి తీసేయకూడదు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు డబ్బు ఈఎస్‌ఐ నుంచే వస్తుంది.

సూపర్‌వైజరు అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడు. చెబితే పని పోతుందేమోనని భయం.

ఆ భయం ఎంత నిజమో నాకు తెలుసు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి ఉన్న ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి ఒక మహిళే అధ్యక్షురాలు. పదిమంది లేకపోతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయి కమిటీకి ఇవ్వొచ్చు. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. విచారణ జరుగుతున్నంతకాలం బదిలీ గానీ సెలవు గానీ మీరు అడగొచ్చు. తోడుగా ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి.

## దెబ్బ తగిలినప్పుడు, ప్రాణం పోయినప్పుడు

మిషన్‌లో వేలు తెగింది. ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ఈఎస్‌ఐ ఉంటే వైద్యం ఉచితం, పనికి వెళ్లలేని రోజులకు దాదాపు 90 శాతం వేతనం వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే చేరిన మొదటి రోజైనా ఇది వర్తిస్తుంది. జీతం నెలకు 21,000 వరకు ఉన్నవాళ్లు ఈఎస్‌ఐలోకి వస్తారు. మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఈఎస్‌ఐ లేకపోతే నష్టపరిహారం యజమానే కట్టాలి. ఆసుపత్రి చీటీలో 'పనిచేస్తుండగా మిషన్ వల్ల' అని రాయించండి. 'ఇంట్లో పడ్డాడు' అని రాయించేందుకు తోడొచ్చిన మనిషి ప్రయత్నిస్తాడు. అక్కడే గట్టిగా నిలబడండి, తర్వాత ఆ ఒక్క మాటే కేసును అటో ఇటో తిప్పుతుంది.

మా ఆయన హైదరాబాద్‌లో పనిచేస్తూ చనిపోయాడు. కేసు కోసం అంత దూరం ఎలా తిరగను?

తిరగక్కర్లేదు అమ్మా. ప్రమాదం జరిగిన జిల్లాలో గానీ, మీరు ఉంటున్న జిల్లాలో గానీ పరిహారం దరఖాస్తు వేయొచ్చు. గజపతిలో ఉంటే గజపతిలోనే. ఈ సంగతి తెలియక ఎంతోమంది వదిలేసుకున్నారు.

ఎంత వస్తుందో లెక్క ఇలా ఉంటుంది. నెల వేతనంలో సగాన్ని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో గుణిస్తారు. 30 ఏళ్లకు ఆ అంకె 207.98. వేతనం 12,000 అయితే, సగం 6,000. గుణిస్తే 12,47,880 రూపాయలు. అంత్యక్రియలకని యాభై వేలు చేతిలో పెట్టి వెళ్లిపోయేవాళ్లను చూశాను. అది పరిహారం కాదు. మరణ పరిహారాన్ని అధికారి దగ్గర జమ చేయాలి, ఆయన ద్వారానే కుటుంబానికి అందాలి. పోస్ట్‌మార్టం కాగితం, ఎఫ్‌ఐఆర్ కాపీ తెచ్చుకోకుండా అక్కడినుంచి కదలొద్దు. పీఎఫ్ ఉంటే ఆ డబ్బుతో పాటు బీమా కూడా అడగండి, అది గరిష్ఠంగా 7 లక్షల వరకు ఉంటుంది. భార్యకు పింఛను కూడా ఉంటుంది.

పనికి వెళ్తూ దారిలో బండి గుద్దింది. అది పనిలో ప్రమాదమేనా?

ఇంటినుంచి పనిచోటికి వెళ్లేదారిలో, తిరిగి వచ్చేదారిలో జరిగిన ప్రమాదానికీ పనికీ సంబంధం ఉందని తేలితే, కొత్త కోడ్ దాన్ని పనిలో జరిగినట్టే చూస్తుంది. ఏ షిఫ్టుకు వెళ్తున్నారో చూపించే హాజరు వివరం తీసి ఉంచుకోండి.

## పని మానేశాక

నేనే మానేశాను. ఆఖరి నెల జీతం వచ్చే నెల రమ్మంటున్నారు.

మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో వేతనం లెక్క తేల్చి ఇవ్వాలి. మానేస్తున్నట్టు వాట్సాప్‌లోనైనా తేదీతో సహా ఒక మెసేజ్ పెట్టండి.

గ్రాట్యుటీ ఎన్నేళ్లకు వస్తుంది? ఎంత వస్తుంది?

పర్మనెంట్ అయితే ఐదేళ్లు నిండాలి. గడువు రాసి పెట్టుకున్న ఉద్యోగమైతే ఇప్పుడు ఏడాది చేసినా చేసినంతకాలానికి వస్తుంది. ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు చేశారో ఆ సంఖ్యతో గుణించండి. 13,000 వేతనం మీద ఎనిమిదేళ్లయితే 60,000. మనిషి చనిపోతే ఐదేళ్ల నిబంధన ఉండదు. 30 రోజుల్లో ఇవ్వాలి.

రేపటినుంచి రావద్దన్నారు. నోటీసూ లేదు, ఏమీ లేదు.

ఏడాది పాటు చేసినవాళ్లను పని లేదని తీసేయాలంటే నెల నోటీసు, లేదా నెల జీతం ఇవ్వాలి. చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారం. దీనికి తోడు కొత్తగా, వేరే పని నేర్చుకోవడానికని 15 రోజుల వేతనం 45 రోజుల్లో మీ ఖాతాలో పడాలి. తప్పు చేశావని తీసేస్తే విచారణ జరపాలి. లేబర్ ఆఫీసులో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, కానీ రెండు వారాల్లో వెళ్లండి. సాక్షులు ఊళ్లు మారిపోతారు.

అడ్వాన్సు తీరలేదని బట్టీ దాటి వెళ్లనివ్వడం లేదు. అప్పు తీర్చే దాకా ఉండాల్సిందేనా?

ఉండక్కర్లేదు. అప్పు చూపించి మనిషిని కదలనివ్వకపోవడం వెట్టిచాకిరీ. 1976 చట్టం దాన్ని రద్దు చేసింది, ఆ అప్పునూ రద్దు చేసింది. 1982లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనంది. బట్టీ ఉన్న జిల్లా కలెక్టరుకు కబురు వెళ్లేలా చూడండి. మీరు చేయలేకపోతే ఊళ్లో ఉన్నవాళ్లు చేయొచ్చు. విడిపించినప్పుడు విడుదల పత్రం తప్పకుండా తీసుకోండి. ఆ పత్రం లేకుండా ఇంటికొచ్చేసినవాళ్లు పునరావాస సాయం కోసం ఏళ్లతరబడి తిరుగుతున్నారు.

## ఫిర్యాదు దగ్గర

ఎక్కడ ఇవ్వాలి? ఒడియాలోనే రాయాలా?

జీతం బకాయిలకు, ఉద్యోగం తీసేసినందుకు పనిచోటు ఉన్న జిల్లా లేబర్ ఆఫీసు. ఒడిశా ఆఫీసుకైతే ఒడియాలో గానీ ఇంగ్లిష్‌లో గానీ రాయిస్తే పని త్వరగా కదులుతుంది. తెలుగు కాపీ మీ దగ్గర ఉంచుకోండి, వాంగ్మూలం ఇచ్చేటప్పుడు తేదీలు తడబడకుండా ఉంటాయి. ఇచ్చిన కాగితం మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు.

లాయరుకు డబ్బుల్లేవు. ఆలస్యం కూడా అయిపోయింది.

ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు, వెట్టి నుంచి బయటపడ్డవాళ్లకు న్యాయసేవల సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి. వేతన బకాయికి మూడేళ్ల గడువుంది. నిజమని తేలితే రావాల్సినదానితో పాటు పరిహారం కూడా వేయొచ్చు.

యజమాని రాజీకి పిలుస్తున్నాడు. పెద్దమనుషుల ముందు తేల్చుకోవచ్చా?

తేల్చుకోవచ్చు, నేను అడ్డు చెప్పను. ఊళ్లో మళ్లీ మొహాలు చూసుకోవాలి కదా. కానీ ముందు మీకు రావాల్సింది మొత్తం ఎంతో కాగితం మీద వేసుకుని వెళ్లండి: జీతం, ఓవర్‌టైమ్, గ్రాట్యుటీ, వాడుకోని సెలవులు. 60,000 రావాల్సిన మనిషి అది తెలియక 15,000కు సంతోషంగా తలూపడం నేను కళ్లారా చూశాను. ఒప్పందం లేబర్ అధికారి ముందు రాయించుకోండి, డబ్బు బ్యాంకు ఖాతాలో వేయించుకోండి. ఖాతాలో పడినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చాకే 'మొత్తం ముట్టింది' అన్న కాగితం మీద సంతకం పెట్టండి.